వజ్రాల వర్తకుడు టావెర్నియర్ - మూడు వరహాల కూలి
(అమరాపురంలో డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మాట్లాడే విషయాలు మీకందరికీ తెలిసినవే. డి.ఏ. ఎంత పెరిగింది, బకాయిలు ఎప్పుడొస్తాయి, లైఫ్ సర్టిఫికెట్టు ఎవరికివ్వాలి. ఈ మాటు కార్యదర్శిగారు, "అయ్యా, జీవోలు వదిలిపెట్టి పిల్లలు కూడా వినేటట్టు ఏదైనా చెప్పండి" అన్నారు. రిటైరయిన తర్వాత నాకు పాత ప్రయాణికుల పుస్తకాలు చదివే అలవాటయింది. వారిలో ఒకాయన కథ చెబుతాను. చివరికి అది మన పెన్షను దగ్గరికే వస్తుంది, కాబట్టి విషయం దారి తప్పిందని అనుకోవద్దు.

సుమారు 350 ఏళ్ళ నాడు ఉత్తర అమెరికా అడవుల్లో బొచ్చు వర్తకులనే వాళ్ళు తిరిగేవాళ్ళు. బీవరు అనే జంతువు చర్మం కోసం పడవల్లో నదులు దాటి, మ్యాపుల్లో లేని చోట్లకు వెళ్ళి, అక్కడి జనంతో బేరాలాడి సరుకు తెచ్చేవారు. ఆ వ్యాపారానికే 1670లో హడ్సన్ బే కంపెనీ పుట్టింది. ఆ వర్తకుల కాలినడకతోనే అక్కడి భూగోళం తయారయింది. మనది చలి దేశం కాదు, బొచ్చుతో మనకేం పని? మన దగ్గర ఉన్నది రాళ్ళు. ఆ రాళ్ళ కోసం అదే కాలంలో అట్లాగే తిరిగిన ఫ్రెంచి వర్తకుడు జా బాప్టిస్ట్ టావెర్నియర్. మన పాత అనంతపురం జిల్లాలో వజ్రకరూరు ఉంది. తొలకరి వాన పడితే ఇప్పటికీ జనం మూటాముల్లె కట్టుకుని అక్కడికీ, కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి చేలల్లోకీ పోయి నేల మీద చూపు నిలిపి నడుస్తుంటారు. వజ్రం మాటెత్తితే మనవాళ్ళకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. అందుకే ఈ కథ ఎంచుకున్నాను.

టావెర్నియర్ 1605లో పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రిది మ్యాపులమ్మే వ్యాపారం. ఇంటికొచ్చిన పెద్దలు మ్యాపులు పరుచుకుని దేశాల గురించి మాట్లాడుకుంటుంటే విని, ఈ కుర్రవాడికి కాలు నిలవలేదు. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి యూరపులో చాలా భాగం చూసేశాడు. ఆ తర్వాత 1630 మొదలు 1668 వరకు ఆరుసార్లు తూర్పు దేశాలకు వచ్చాడు. మొదటిసారి పర్షియా దాకా వచ్చి తిరిగి వెళ్ళాడు. 1638లో బయలుదేరిన రెండో ప్రయాణంలో మన దేశానికి వచ్చి, ఆగ్రా చూసి, గోలకొండ దాకా వచ్చాడు. అప్పటికి విమానం లేదు, రైలు లేదు, సూయజ్ కాలువ లేదు. కొంత దూరం ఒంటెల బిడారుతో, కొంత ఓడల్లో, మన దేశంలోకి వచ్చాక ఎద్దుబండిలో, పల్లకీలో ప్రయాణం. నడుమ 1662లో, 57వ ఏట, పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడాదే మళ్ళీ ప్రయాణం కట్టాడు. ఆ ఇల్లాలు ఏమనుకున్నదో పుస్తకంలో లేదు!

1652లో ఆయన మచిలీపట్నం రేవులో దిగాడు. ఆ ఊరిని గురించి పెద్దగా మెచ్చుకోలేదు, ఇళ్ళు చెక్కవి అని తేల్చేశాడు. అయితే బంగాళాఖాతంలో ఓడలు నిలవడానికి అంత మంచి చోటు లేదనీ, పెగూ, సయాం, అరకాన్, మక్కా, హోర్ముజ్, సుమత్రా, మనీలా అన్నిటికీ అక్కడి నుండి ఓడలు పోతాయనీ రాశాడు. మనం ఇవాళ "బందరు" అని తేలిగ్గా అనే ఊరు ఒకప్పుడు అంతటిది.

అక్కడి నుండి మద్రాసు మీదుగా కడప సీమలోని గండికోటకు పోయాడు. ఎందుకంటే ఆయన దగ్గర బేరిపండు వాటపు ముత్యాలు, మేలైన రత్నాలు ఉన్నాయి. అవి గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు అమ్మాలి. సుల్తానుకు చూపించే ముందు మంత్రి మీర్ జుమ్లాకు చూపించాలి. ప్రాపర్ చానల్ అన్నమాట! ఆ మంత్రి పెమ్మసాని వారి నుండి గండికోట గెలుచుకుని అక్కడే ఉన్నాడు. ఆయన సామాన్యుడు కాదు. ఇరాన్ దేశంలో ఒక నూనె వర్తకుడి కొడుకు. వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి మంత్రి అయినవాడు.

టావెర్నియర్ గండికోటలో చూసిన కచ్చేరీ వర్ణన మన గుమాస్తాలందరూ వినదగింది. మీర్ జుమ్లా చెప్పులు లేకుండా కింద కూర్చున్నాడట. ఆయన కాలివేళ్ళ సందుల్లో కాగితాలు, ఎడమ చేతి వేళ్ళ సందుల్లో కాగితాలు. ఒకసారి కాలి నుండి ఒకటి, ఒకసారి చేతి నుండి ఒకటి లాగి, ఇద్దరు రాయసగాళ్ళకు జవాబు చెబుతున్నాడు. కొన్నిటికి స్వయంగా రాస్తున్నాడు. రాసింది చదివించి విని, ముద్ర వేసి పంపేస్తున్నాడు. ఈలోగా నలుగురు నేరస్థులను తెచ్చామని భటులు వచ్చి చెప్పారు. చాలాసేపు పలకక పని చేసుకుంటూనే ఉండి, తర్వాత పిలిపించి, వాళ్ళ నోటితోనే నేరం ఒప్పించి, అక్కడికక్కడే శిక్షలు చెప్పాడు. ఆ శిక్షలు కాళ్ళు చేతులు నరకడం లాంటివి. పిల్లలున్నారు కాబట్టి వివరించను.

మనం తాలూకా ఆఫీసుల్లో పర్సనల్ రిజిస్టరు రాసినవాళ్ళం. కరెంటు నెంబరు, టపా వచ్చిన తేదీ, డిస్పోజల్ తేదీ, ఇవన్నీ గళ్ళల్లో నింపినవాళ్ళం. పది వేళ్ళ సందుల్లో పెండింగు పెట్టుకుని, మధ్యాహ్నానికి ఖాళీ చేసిన అధికారిని చూస్తే మనకు ముచ్చటే. కానీ ఒకటి గమనించండి. ఆ నలుగురికీ వాయిదా లేదు సరే, అప్పీలూ లేదు. మన ఫైలు ఆలస్యమైనప్పుడు తిట్టుకుంటాం గానీ, నోట్ ఫైలు, నకలు, అప్పీలు గడువు ఇవన్నీ బీదవాడి చెయ్యి నరక్కుండా అడ్డుపడటానికి పుట్టినవే.

ఇక వజ్రాల గనులు. ఆయన స్వయంగా చూసినవి రెండు ముఖ్యం. ఒకటి రావుల్కొండ అని ఆయన రాసింది. గోలకొండకు అయిదు రోజుల ప్రయాణం, బీజాపూరు సుల్తాను ఏలుబడి. రెండవది కృష్ణ ఒడ్డున పాత గుంటూరు జిల్లా కొల్లూరు, గోలకొండకు ఏడు రోజుల ప్రయాణం. అప్పటికి సుమారు నూరేళ్ళ కిందట ఒక బీదవాడు ధాన్యం చల్లుకోవడానికి నేల తవ్వుకుంటుంటే, ఇంచుమించు 25 క్యారట్ల రాయి దొరికిందట. ఆ సంగతి పొక్కి కొల్లూరు గని మొదలయింది. టావెర్నియర్ వెళ్ళిన నాటికి ఆడామగా పిల్లలు కలిపి అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఈనాటికీ మన ప్రాంతంలో ఎన్నో పట్టణాలకు అంత జనాభా లేదు.

పని జరిగే తీరు కూడా వివరంగా రాశాడు. ముందు తవ్వే చోటు నిర్ణయించుకుని, పక్కనే ఒక కళ్ళం లాంటి చోటు చదును చేసి, చుట్టూ రెండడుగుల మట్టిగోడ పెట్టి, నీళ్ళు పోవడానికి అక్కడక్కడ తూములు వదులుతారు. తర్వాత దేవుడికి పూజ. నుదుట బొట్టు పెట్టి, దానిమీద ఏడెనిమిది బియ్యపు గింజలు అంటిస్తారు. విస్తళ్ళలో అన్నం, నెయ్యి వేసి అందరికీ భోజనం. అప్పుడు పని మొదలు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళు పిల్లలు మట్టి మోస్తారు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగులు పోయేసరికి నీరు పడుతుంది. ఆ నీళ్ళే కుండలతో తోడి, మోసిన మట్టిమీద పోసి, ఒకటి రెండు రోజులు నాననిస్తారు. మట్టి గంజి మాదిరి అయ్యాక తూములు తీస్తే బురద పోయి ఇసుక మిగులుతుంది. ఎండలో ఆరబెట్టి, మన ఆడవాళ్ళు రాగులు చెరిగినట్టు చేటలతో చెరుగుతారు. మిగిలిన గడ్డలను రోకళ్ళతో దంచి మళ్ళీ చెరుగుతారు. చివరికి అందరూ వరుసగా కూర్చుని చేతివేళ్ళతో వెతుకుతారు. చూడండి, ప్రపంచంలో రాజుల కిరీటాలకెక్కిన వజ్రాల వెనుక యంత్రం ఏమీ లేదు. చేట, రోకలి, కుండ, మనిషి వేళ్ళు. అంతే.

బేరాలు ఎట్లా జరిగేవో చెబితే మీరు నవ్వుకుంటారు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడు తన నడుముగుడ్డ కొంగు విప్పి, రెండోవాడి చెయ్యి గుడ్డ కింద పట్టుకుంటాడు. మాట లేదు, సైగ లేదు, ముఖంలో మార్పు లేదు. చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి. ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. అయిదు వేళ్ళు మాత్రమే పట్టుకుంటే అయిదు వందలు, ఒక వేలు పట్టుకుంటే నూరు, సగం వేలు పడితే యాభై, వేలి కొన పడితే పది. పక్కన పదిమంది ఉన్నా ధర ఎవరికీ తెలియదు. ఇది మన పరుసల్లో ఎద్దుల బేరం కాక మరేమిటి? తుండుగుడ్డ కింద దళారీలు వేళ్ళు నొక్కుకోవడం ఇక్కడున్న పెద్దలు చూసిందే. ఫ్రెంచివాడికి అది వింత, మనకు వారం వారం సంత.

ఇంకొక ముచ్చట. పొద్దున్నే ఊళ్ళో ఒక చెట్టుకింద వర్తకుల పిల్లలు, పదేళ్ళ నుండి పదిహేను పదహారేళ్ళ వాళ్ళు, వచ్చి కూర్చునేవారట. ఒక్కొక్కరి నడుముకు ఒక పక్క వజ్రాల తూకపురాళ్ళ సంచి, ఇంకో పక్క వరహాల సంచి. కొందరి దగ్గర ఆరువందల వరహాల దాకా ఉండేవి. ఎవరైనా రాయి తెస్తే అందరిలోకి పెద్ద కుర్రవాడి చేతికిస్తారు. అతను చూసి పక్కవాడికి, వాడు ఆ పక్కవాడికి. ఎవరూ నోరు విప్పరు. రాయి తిరిగి పెద్దవాడి దగ్గరకు వచ్చాక ధర అడిగి కొంటాడు. ఎక్కువ పెట్టి కొంటే నష్టం అతనిదే. సాయంత్రం కొన్నవన్నీ కలిపి నీరు, తూకం, నిగారింపు చూసి వేరుచేసి, పెద్ద వర్తకులకు అమ్మి, లాభం సమానంగా పంచుకుంటారు. పెద్ద కుర్రవాడికి మాత్రం నూటికి పావు వంతు అధికం. వజ్రాల తూకానికి ఆయన వాడిన "మంజెలిన్" అనే మాట కూడా మన తెలుగు మంజాళే. ఫ్రెంచి పుస్తకంలోకి అట్లా ఎక్కింది.

ఒకనాటి సాయంత్రం రావుల్కొండలో, మొలకు గుడ్డ, తలకు చిరుగు రుమాలు తప్ప ఏమీలేని ఒక వర్తకుడు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. కెంపులు కొంటారా అని దుబాసీ ద్వారా అడిగాడు. మర్యాదకు టావెర్నియర్ ఒక ఉంగరం కొన్నాడు. మనుషులందరూ పక్కకు పోయాక ఆ వర్తకుడు రుమాలు తీసి, జుట్టుముడి విప్పి, అందులో దాచిన చిన్న గుడ్డపేలిక తీశాడు. లోపల నలభై ఎనిమిదిన్నర క్యారట్ల వజ్రం! "రేపటిదాకా మీ దగ్గరే ఉంచుకుని చూడండి. నచ్చితే ఊరి బయటకు ఫలానా వేళకు ఇంత సొమ్ము తీసుకురండి" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. రసీదు లేదు, సాక్షి లేదు. మర్నాడు ఇద్దరూ అనుకున్న చోటికి వచ్చారు, బేరం ముగిసింది. మనిషి కట్టుబట్ట చూసి లెక్కకట్టకూడదని ఆ విదేశీయుడికి మన దేశం నేర్పింది.

అయితే గని పైభాగంలో ఇంత నమ్మకం ఉంటే, గుంటలో ఏముంది? గని పాలకులు వర్తకుల నుండి కొనుగోళ్ళమీద నూటికి రెండు వసూలు చేసేవారు. పైగా రావుల్కొండలో యాభైమంది కూలీలను పెడితే రోజుకు రెండు వరహాలు, వందమందిని పెడితే నాలుగు వరహాలు ప్రభుత్వానికి కట్టాలి. మరి ఆ కూలివాడికి ఎంత? పని బాగా తెలిసినవాడికి కూడా సంవత్సరానికి మూడు వరహాలు అని టావెర్నియర్ రాశాడు. నెలకు కాదండీ, ఏడాదికి. కూలి అంత తక్కువ కాబట్టి రాయి దొరికితే దాచుకోవడానికి వెనకాడరని కూడా ఆయనే రాశాడు. ఒంటిమీద గోచీ తప్ప గుడ్డ లేదు కాబట్టి మింగేవారట. ఒకడు రాయిని కంటి మూలలో దోపుకుని పట్టుబడ్డాడు. అందుకని యాభైమందికి పన్నెండు నుండి పదిహేనుమంది కాపలా. కూలి పెంచడం కంటే కాపలా పెంచడం సులభమని యజమానులకు ఆనాడే తోచింది! పెద్ద రాయి దొరికి నిజాయితీగా అప్పగిస్తే, ఒక తలపాగా గుడ్డ, చేతిలో కొంచెం డబ్బు బహుమానం.

నేను గుమాస్తాను కాబట్టి ఒక లెక్క వేశాను. 1669 ప్రాంతంలో టావెర్నియర్ ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి వెయ్యికి పైగా వజ్రాలు అమ్మాడు. వాటిలో ఒకటి నీలిరంగు వజ్రం, 112 క్యారట్ల పైచిలుకు. అది కొల్లూరుదని పండితుల నమ్మిక. దానికొక్కదానికే 2,20,000 లీవ్రులు వచ్చాయని చెబుతారు. ఆయన కాలపు మారకం ప్రకారం వరహా మూడున్నర రూపాయలు, రూపాయి ఒకటిన్నర లీవ్రు. మూడు వరహాలంటే పదిన్నర రూపాయలు, అంటే పదిహేను ముప్పాతిక లీవ్రులు. భాగించి చూస్తే, ఆ ఒక్క రాయి ధర దాదాపు 14 వేలమంది కూలీల ఏడాది కూలి. రావుల్కొండ కూలి రేటుతో కొల్లూరు రాయిని కొలిచాను, అది మీకు చెప్పడం న్యాయం. రేటు కొంచెం అటూ ఇటూ అయినా బాధ మారదు.

ఆ నీలివజ్రం తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. లూయీ దాన్ని 1673లో సానపట్టించాడు. ఫ్రెంచి విప్లవకాలంలో 1792 సెప్టెంబరులో దొంగలు ఎత్తుకుపోయారు. మళ్ళీ కోయించిన రూపంలో అది హోప్ వజ్రం అనే పేరుతో బయటపడింది. ఇప్పుడు నలభై అయిదున్నర క్యారట్లు. 1958లో దాని యజమాని అమెరికా మ్యూజియానికి దానం చేస్తూ, ఎట్లా పంపాడనుకున్నారు? రిజిస్టర్డు పోస్టులో! మన తపాలా శాఖ మిత్రులు ఈ మాట విని గర్వపడవచ్చు. నమ్మకమైన ఉద్యోగి చేతికంటే గట్టి ఇనప్పెట్టె లేదు.

టావెర్నియర్ 1665 నవంబరులో ఔరంగజేబు కొలువులో మొగలాయీల రత్నాలను చేత పట్టుకుని చూశాడు. అందులో ఒక పెద్ద వజ్రం మీర్ జుమ్లా షాజహానుకు సమర్పించిందట. సానపట్టడానికి ముందు 787 క్యారట్ల పైన ఉన్నదాన్ని, ఒక వెనిస్ పనివాడు అరగదీసి 280 క్యారట్ల లోపుకు తెచ్చాడు. పాదుషా అతనికి కూలి ఇవ్వకపోగా పదివేల రూపాయల జరిమానా వేశాడు. ఇంకా ఉండి ఉంటే ఇంకా వేసేవాడని టావెర్నియర్ రాశాడు. రికవరీ అనే మాట మనకే కొత్త కాదు!

దేశానికి తిరిగి వెళ్ళాక రాజు ఆయనకు ప్రభువుల హోదా ఇచ్చాడు. 1670లో స్విట్జర్లాండులో ఓబోన్ అనే జమీ కొన్నాడు. 1676లో తన ప్రయాణాల గ్రంథం అచ్చువేయించాడు. ఇక హాయిగా కూర్చోవచ్చు. కానీ ఆయన ప్రొటెస్టెంటు. 1685లో ఫ్రాన్సు రాజు ఆ మతస్థులకున్న రక్షణ రద్దుచేశాడు. జమీ చేతులు మారింది. ఎనభై దాటిన వయసులో ఆయన మళ్ళీ తూర్పుకు బయలుదేరి, 1689లో రష్యాలో కన్నుమూశాడు. గోలకొండ రత్నాలు అమ్మిన మనిషికి సొంత ఊళ్ళో చివరి నిద్ర దక్కలేదు. ఆ వయసులో ప్రయాణం కట్టడం ధైర్యమని కొందరు పొగడుతారు. నేను సగమే ఒప్పుకుంటాను. ముసలితనంలో ఇల్లు కదలడానికి ఓపిక ఉండటం వేరు, కదలక తప్పకపోవడం వేరు. అది మన వయసు వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొల్లూరు కూడా ఇప్పుడు లేదు. పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. 60 వేలమంది తవ్విన గుంటలపైన కృష్ణ నీళ్ళు నిలిచాయి.

సోదరులారా, నేను చెప్పదలచిన మాట ఇదే. ఆ 60 వేలమందిలో ఒక్కరి పేరు మనకు తెలియదు. వజ్రాలకు పేర్లున్నాయి, కొన్న రాజులకు పేర్లున్నాయి, చెరిగిన ఆడమనిషికి పేరు లేదు. వాళ్ళకు మస్టరు రోలు లేదు, సర్వీసు రిజిస్టరు లేదు. చేతులు ఆడినంతకాలం మూడు వరహాలు. చేతులు ఆగిన తర్వాత ఏమిచ్చారో టావెర్నియర్ రాయలేదు, ఎందుకంటే రాయడానికి అక్కడ ఏమీ లేదు. అయినా ఆ వర్తకుడికి మనం రుణపడి ఉన్నాం. ధరలు రాసుకునే అలవాటుతో కూలి ధర కూడా రాసిపెట్టాడు. ఆ ఒక్క వాక్యమే ఇవాళ వాళ్ళ తరఫున సాక్ష్యం చెబుతోంది.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభువుల దయాధర్మం కాదు, చేసిన సేవకు రావలసిన ప్రతిఫలం అని తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజు మనకు పండుగ. రావుల్కొండ గుంట నుండి ఆ తీర్పు దాకా మూడు వందల ఏళ్ళు పైగా నడిచి వచ్చాం. అది ఎవరో ఇచ్చినది కాదు, మనకు ముందున్న వాళ్ళు అడిగి తెచ్చుకున్నది. అయితే ఈ ఊళ్ళోనే వక్కతోటల్లో, పట్టు పనిలో, ఇంటి పనుల్లో జీవితమంతా అరగదీసుకుని, ముసలితనానికి ఏ కాగితమూ లేని వాళ్ళు మన చుట్టూ ఉన్నారు. వృద్ధాప్య పింఛనుకు అర్హత ఉండి అర్జీ రాయడం తెలియనివాళ్ళున్నారు. మనకు చెయ్యి ఆడుతుంది, కలం పట్టిన చెయ్యి. మన సంఘం గదిలో వారానికి ఒకపూట ఇద్దరం కూర్చుని వాళ్ళకు అర్జీలు రాసిపెడదామని నా మనవి. వాళ్ళు తెలుగులో చెప్పినా కన్నడంలో చెప్పినా మనకు అర్థమవుతుంది. మొదటి నెల నేను కూర్చుంటాను. రెండో కుర్చీకి ఎవరొస్తారో సభ ముగిసేలోపు కార్యదర్శిగారికి పేరు ఇవ్వండి.